అడిగిన పిల్లలకే పుస్తకమా? బడి లైబ్రరీకి తరగతంతా ఎందుకు వెళ్లాలి

మేం చదువుకున్న ఉన్నత పాఠశాలలో లైబ్రరీ అంటే హెచ్‌ఎం గదిలో గోడవారగా ఉండే రెండు ఇనుప బీరువాలు. తనిఖీకి పై అధికారులు వస్తున్నారని తెలిస్తే వాటిని తెరిచేవారు. దుమ్ము దులపడానికి పిల్లల్ని పిలిచేవారు. ఆ పిలుపు దాదాపు ఎప్పుడూ మా వాడ పిల్లలకే వచ్చేది. గుడ్డతో అట్టలు తుడుస్తూ పుస్తకాల పేర్లు చదువుకునేవాళ్లం. లోపలి పేజీ తిప్పితే 'పని చూడండిరా' అనే మాట వినబడేది. పదో తరగతి అయ్యేసరికి ఏ అరలో ఏ పుస్తకం ఉందో మాకు తెలుసు. వాటిలో ఒక్కటి కూడా మా ఇంటికి రాలేదు.

పుస్తకం ఇవ్వబోమని మాతో ఎవరూ అనలేదు. అడిగితే ఇచ్చేవారేమో. కొందరు పిల్లలు అడిగి తీసుకున్నారు కూడా. వాళ్ల ఇళ్లలో చదువుకున్నవాళ్లు ఉన్నారు, సార్లతో చనువుగా మాట్లాడే తండ్రులు ఉన్నారు. మాకు మాత్రం ఆ బీరువా ముందు నిలబడి 'సార్, ఆ పుస్తకం ఇవ్వండి' అనొచ్చన్న ఆలోచనే రాలేదు. తుడవడానికి పిలిచిన చోట అడగడానికి నోరు రాదు.

ఇప్పుడు విద్య మీద పరిశోధన చేస్తూ ప్రభుత్వ బడులకు వెళ్తున్నప్పుడు మేం అడిగే మొదటి ప్రశ్న 'లైబ్రరీ ఉందా?' అని కాదు. 'తరగతి మొత్తం లైబ్రరీకి చివరిసారి ఎప్పుడు వెళ్లింది?' అని. మొదటి ప్రశ్నకు చాలాచోట్ల 'ఉంది' అనే జవాబు వస్తుంది. రెండో ప్రశ్నకు కాసేపు మౌనం, ఆ తర్వాత 'అడిగిన పిల్లలకు ఇస్తూనే ఉన్నాం' అనే మాట. ఈ వ్యాసం ఆ మాట గురించే. అడిగినవాళ్లకు ఇచ్చే లైబ్రరీ, ఇంట్లో ఇప్పటికే పుస్తకం ఉన్న పిల్లలకే ఎక్కువగా అందుతుంది. టీచరు తరగతి మొత్తాన్ని వారం వారం తీసుకెళ్లినప్పుడే అది అందరి లైబ్రరీ అవుతుంది. అందుకే దీన్ని బోధనా పద్ధతుల చర్చగా వదిలేయకుండా సమానత్వ ప్రశ్నగా చూడాలని మేం అంటున్నాం.

కుళాయి, తాళంచెవి

అంబేద్కర్ తన బాల్యం గురించి రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో బడిలో నీళ్ల సంగతి ఉంది. మిగతా పిల్లలు దాహమేస్తే వెళ్లి కుళాయి తిప్పుకొని తాగేవారు. ఆయన కుళాయిని తాకకూడదు. అంటరానివాడు కాని మనిషి ఎవరైనా వచ్చి తిప్పితేనే నీళ్లు. ఆ పని బడి బంట్రోతు చేసేవాడు. బంట్రోతు రాని రోజు దాహంతోనే ఉండాలి.

ఆ బడిలో నీళ్లు లేకపోలేదు, కుళాయి ఉంది. కానీ ఒక పిల్లవాడికి మాత్రం అది ఇంకొకరి దయ మీద ఆధారపడి ఉంది. నేటి బడి లైబ్రరీని ఆనాటి అంటరానితనంతో సమానం చేసి చెప్పడం లేదు. కానీ ఏర్పాటు తీరు ఒకటే. వస్తువు అందరిదీ, తెరవాల్సిన చెయ్యి ఇంకొకరిది. అటువంటి చోట ఎవరికి చనువు ఉంటే వాళ్లకే వస్తువు దక్కుతుంది. కులం ఈ రోజు బడిలో చాలాసార్లు ఇలాగే పనిచేస్తుంది. నిషేధం రాసిపెట్టి ఉండదు. అడిగే ధైర్యం ఎవరికి ఇంటినుంచి వచ్చిందో, ఎవరికి రాలేదో అన్న తేడా చాలు.

ఇదే అంబేద్కర్ జీవితంలో ఇంకో సంఘటన ఉంది. ఆయన పరీక్ష పాసైనందుకు జరిగిన అభినందన సభలో కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను రాసిన బుద్ధుడి జీవితచరిత్రను ఆయనకు బహుమతిగా ఇచ్చారు. ఆ పుస్తకం తనను ఎంతగా కదిలించిందో అంబేద్కర్ 'బుద్ధుడు-ఆయన ధమ్మం' ముందుమాటలో గుర్తుచేసుకున్నారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలాది మందితో కలిసి ఆయన బౌద్ధం తీసుకున్నారు. ఆ దారికి మొదట్లో ఒక టీచరు అడగకుండానే చేతిలో పెట్టిన పుస్తకం ఉంది.

ఈ కథను మనం సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. కానీ అందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. కేలూస్కర్ లాంటి మనిషి ఎదురుపడటం అదృష్టం. కోట్ల మంది పిల్లల చదువును అదృష్టానికి వదిలేయలేం. ఆ అదృష్టాన్ని టైంటేబుల్‌లోకి తీసుకురావాలి.

చట్టంలో ఉన్నది, బడిలో లేనిది

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బడికి ఉండాల్సిన కనీస సదుపాయాలను దాని 19వ సెక్షన్ కింద ఉన్న షెడ్యూలు చెబుతుంది. ప్రతి బడిలో లైబ్రరీ ఉండాలని, అందులో వార్తాపత్రికలు, మ్యాగజైన్లు, కథల పుస్తకాలతో సహా అన్ని సబ్జెక్టుల పుస్తకాలు ఉండాలని అందులో ఉంది. అంటే కథల పుస్తకం కూడా చట్టం చెప్పిన సదుపాయమే. అదే చట్టంలోని 8, 9 సెక్షన్లు బలహీన వర్గాల పిల్లలు వివక్షకు గురికాకుండా చూసే బాధ్యతను ప్రభుత్వం మీద, స్థానిక సంస్థల మీద పెట్టాయి. 29వ సెక్షన్ భయం లేని చదువు గురించి, పిల్లలు స్వయంగా వెతికి తెలుసుకునే పద్ధతి గురించి మాట్లాడుతుంది.

డబ్బు విషయానికొస్తే, 2018లో మొదలైన సమగ్ర శిక్షా పథకంలో ప్రభుత్వ బడులకు లైబ్రరీ గ్రాంటు ఉంది. బడి స్థాయిని బట్టి ఏడాదికి రూ.5,000 నుంచి రూ.20,000 వరకు ఇవ్వవచ్చు. పెద్ద మొత్తమేమీ కాదు. అయినా నాలుగైదేళ్లు సరిగ్గా ఖర్చుపెడితే ఒక చిన్న బడిలో మంచి పుస్తకాలు పోగవుతాయి.

చట్టం పుస్తకాన్ని బడి గేటు దాకా తెచ్చింది. అక్కడి నుంచి పిల్లవాడి చేతిదాకా ఉన్న ఆ నలభై అడుగుల దూరాన్ని దాటించేది టీచరే. పుస్తకాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం తేలిక కాబట్టి తనిఖీలు స్టాక్ రిజిస్టర్ దగ్గర ఆగిపోతాయి. పుస్తకం ఎంతమంది చేతుల్లోకి వెళ్లిందో ఎవరూ అడగరు. ఏటా నవంబర్ 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారం బీరువాలు తెరుచుకుంటాయి, ఫొటోలు దిగుతారు. 21న మళ్లీ తాళం.

భారతీయ గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అయిదు సూత్రాలు ప్రతిపాదించారు. మొదటిది, పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికి అని. దాన్ని వివరిస్తూ, ఒకప్పుడు ఐరోపాలో పుస్తకాలను అరలకు గొలుసులతో కట్టేసి ఉంచేవారని గుర్తుచేశారు. మన బడుల్లో గొలుసు పోయి తాళంకప్ప వచ్చింది.

టీచర్లు ఎందుకు వెనకాడతారు

ఇక్కడ ఉద్యమకారులుగా మనం ఒక జాగ్రత్త తీసుకోవాలి. బీరువా తెరవని టీచరు అందరూ పిల్లల మీద చిన్నచూపు ఉన్నవాళ్లే అనుకుంటే పొరపాటు. మాతో మాట్లాడిన టీచర్లలో దళితులూ ఉన్నారు. పిల్లలు చదవాలని మనసారా కోరుకునేవాళ్లూ ఉన్నారు. అయినా తీసుకెళ్లరు. కారణాలు నాలుగు కనిపిస్తాయి.

మొదటిది, రిజిస్టర్ భయం. పుస్తకం పోతే ఎవరు కట్టాలి? చాలా ప్రభుత్వ బడుల్లో లైబ్రేరియన్ ఉండరు. ఒక టీచరుకు అదనపు బాధ్యతగా అప్పగిస్తారు. బదిలీ అయి వెళ్లేటప్పుడు స్టాక్ రిజిస్టర్ ప్రకారం ప్రతి పుస్తకం లెక్క చూపి అప్పజెప్పాలి. ఆ పరిస్థితిలో తాళం వేసి ఉంచడమే క్షేమం అనిపించడం సహజం.

దీనికి జవాబు ఉంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు-2017లోని 215వ నియమం, లైబ్రరీల్లో ఏడాదికి చదవడానికి ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోవడాన్ని సహజ నష్టంగా పరిగణించవచ్చని చెబుతుంది. దానికి షరతు, అందులో మోసంగానీ నిర్లక్ష్యంగానీ ఉండకూడదు. ఇది కేంద్ర సంస్థలకు వర్తించే నియమం. కానీ పుస్తకాలు వాడితే కొన్ని పోతాయని ప్రభుత్వమే ఒప్పుకుందన్న విషయం ప్రతి హెచ్‌ఎంకూ తెలియాలి. ఇలాంటి స్పష్టమైన ఉత్తర్వు బడుల కోసం కూడా ఇవ్వమని రాష్ట్ర విద్యాశాఖలను అడగవచ్చు. ఉపాధ్యాయ సంఘాలు కలిసివచ్చే డిమాండ్ ఇది.

రెండోది, సిలబస్. పరీక్షలు, ఆన్‌లైన్ ఎంట్రీలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, శిక్షణలు. వీటి మధ్య లైబ్రరీ పీరియడ్ 'ఖాళీ పీరియడ్' అవుతుంది. గణితం సారు అడిగితే ఇచ్చేస్తారు. అందుకే లైబ్రరీని పాఠానికి అవతలి సంగతిగా కాకుండా పాఠంలో భాగంగా చూపించాలి. సాంఘికంలో రాజ్యాంగం పాఠం వచ్చినప్పుడు అంబేద్కర్ జీవితం మీద పిల్లల పుస్తకాలు, 1927 మార్చి 20న మహాడ్ చెరువు నీళ్లు తాగిన పోరాటం గురించిన పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే ఆ పీరియడ్ సాంఘికానిదే. తెలుగులో పిల్లలతో పుస్తక సమీక్షలు రాయిస్తుంటారు. లైబ్రరీకి వెళ్లని తరగతిలో ఆ సమీక్షను ఒకరు గైడులోంచి ఎక్కిస్తే మిగతావాళ్లు దాన్ని చూసి రాస్తారు. వెళ్లే తరగతిలో నలభై మంది నలభై రకాలుగా రాస్తారు.

మూడోది, 'మా పిల్లలకు చదవడమే రాదు, కథల పుస్తకాలు ఇచ్చి ఏం లాభం?' అనే మాట. ఇది తలకిందులైన లెక్క. ఈత వచ్చాకే నీళ్లలోకి దిగుతాననడం లాంటిది. ఇంట్లో కాగితం ముక్క లేని పిల్లకు పాఠ్యపుస్తకం ఒక్కటే అచ్చుమాట అయితే, ఆ పాఠ్యపుస్తకం ఎప్పుడూ ప్రశ్నతో, తప్పుతో, మార్కులతో కలిసే వస్తుంటే, చదువు అంటే భయం తప్ప ఇంకేం మిగులుతుంది? బొమ్మలెక్కువ, మాటలు తక్కువ ఉన్న పుస్తకాలు పట్టుకుని, తెలిసిన పదాన్ని వెతుక్కుంటూ, పక్కనున్న పిల్ల చెప్పేది వింటూ చదవడం పట్టుబడుతుంది.

నాలుగోది బయటికి చెప్పని కారణం. చాలామంది టీచర్లకు కూడా బడిలో లైబ్రరీ లేదు. తరగతిని తీసుకెళ్లి అక్కడ ఏం చేయాలో వాళ్లకు ఎవరూ చూపించలేదు. దీన్ని తప్పుగా ఎత్తిచూపితే టీచరు ముడుచుకుపోతారు. చేసి చూపిస్తే అందుకుంటారు.

ఒక పీరియడ్ ఎలా నడవాలి

పెద్ద గది, కుర్చీలు, కంప్యూటర్లు అక్కర్లేదు. బీరువాలే ఉన్న బడిలో కూడా ఇది సాధ్యం.

ముందురోజు టీచరు ఒక్కరే వెళ్లి తరగతిలో ఎంతమంది ఉన్నారో అంతకన్నా ఇరవై పుస్తకాలు ఎక్కువ తీసి పెట్టుకోవాలి. ఎక్కువ ఎందుకంటే, చివర వచ్చిన పిల్లకు కూడా ఎంచుకోవడానికి మిగలాలి. వాటిని చాపల మీద అట్టలు కనబడేలా పరచాలి, లేదా గోడకు తాడు కట్టి వేలాడదీయాలి. పిల్లలు గుండ్రంగా కూర్చోవాలి. తరగతిలో ముందు బెంచీ, వెనక బెంచీ అనే వరస ఇక్కడికి రాకూడదు.

మొదటి అయిదు, ఏడు నిమిషాలు టీచరు ఒక కథ పైకి చదవాలి. పూర్తిగా కాకపోయినా పర్వాలేదు. మంచి చోట ఆపితే ఆ పుస్తకం కోసం పిల్లలే పోటీపడతారు. తర్వాత ఇరవై నిమిషాలు ఎవరికి నచ్చింది వాళ్లు తీసుకుని చదవాలి. టీచరు కూడా ఒక పుస్తకం చదువుతూ కూర్చోవాలి. చివరి పది నిమిషాల్లో పుస్తకాలు ఇంటికి రాసివ్వాలి. రిజిస్టర్ రాసే పని పిల్లలకే అప్పగించాలి, అది కూడా హాజరు నంబర్ల ప్రకారం వారానికి ఇద్దరి చొప్పున మారాలి. 'లీడర్' ఒక్కడి చేతిలోనే రిజిస్టర్ ఉంటే, తాళంచెవి ఒక పెద్ద చేతిలోంచి చిన్న చేతిలోకి మారిందంతే.

చేయకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. 'లెక్కలు ముందు పూర్తిచేసినవాళ్లు లైబ్రరీకి వెళ్లొచ్చు' అని బహుమతిగా పెట్టవద్దు. రాత్రి దీపం కింద చదివించే మనిషి ఉన్న పిల్లే ఎప్పుడూ ముందు పూర్తిచేస్తుంది. అల్లరి చేస్తే లైబ్రరీ లేదని శిక్షగానూ వాడవద్దు. చదవడం తడబడే పిల్లను లేపి అందరి ముందు పైకి చదవమనవద్దు. పుస్తకం చిరిగితే జరిమానా వేయవద్దు. జరిమానా అనే మాట వినగానే కూలికి వెళ్లే తల్లిదండ్రుల పిల్లలు పుస్తకం ఇంటికి తీసుకెళ్లడం మానేస్తారు. ఒకే గది ఇంట్లో, వాన కారే కప్పు కింద పుస్తకం తడవడం పిల్ల తప్పు కాదు. నెలకోసారి జిగురు, టేపు ముందేసుకుని చిరిగిన పుస్తకాలు అందరూ కలిసి అతికించే పీరియడ్ పెట్టుకుంటే చాలు. గది ఊడ్చే పని, దులిపే పని కూడా అందరికీ వంతుల వారీగా రావాలి. ఈ చివరి మాటను మేం మా అనుభవంతో చెబుతున్నాం.

బీరువాలో ఎవరున్నారు?

తరగతి క్రమంగా లైబ్రరీకి వెళ్లడం మొదలయ్యాక ఒక ప్రశ్న దానంతటదే వస్తుంది. అక్కడున్న పుస్తకాల్లో మా వాడ ఉందా? రాజులు, నీతికథలు, మహాత్ముల బాల్యాలు చదివాక పిల్లలు తమ ఇంటిని వెతుక్కుంటారు. కనబడకపోతే పుస్తకాలు వేరేవాళ్ల గురించే ఉంటాయని నమ్మేస్తారు.

తెలుగులో ఈ లోటు తీర్చే పని కొంత జరిగింది. హైదరాబాద్‌లోని అన్వేషి స్త్రీల పరిశోధనా కేంద్రం 2008లో 'డిఫరెంట్ టేల్స్' పేరుతో తెలుగు, మలయాళం, ఇంగ్లీషుల్లో పిల్లల పుస్తకాల వరస తెచ్చింది. గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటి రచయితల కథలు అందులో ఉన్నాయి. దళిత, ముస్లిం ఇళ్లలోని బాల్యం, తిండి, ఆట, బడిలో ఎదురైన అవమానం వాటిలో కథలయ్యాయి. మంచి పుస్తకం, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వంటి ప్రచురణ సంస్థల పుస్తకాలు తక్కువ ధరలకు దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి. హైస్కూలు పిల్లలకు జాషువా 'గబ్బిలం' అందుబాటులో ఉండాలి. లైబ్రరీ గ్రాంటుతో ఏ పుస్తకాలు కొనాలో చెప్పే చర్చలో మన వాడ తల్లిదండ్రులకూ, పిల్లలకూ చోటుండాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. దళిత జీవితం మీద పుస్తకాలు దళిత పిల్లలకే అనుకోవడం తప్పు. తరగతి మొత్తం ఒకే చాప మీద కూర్చుని ఆ కథ విన్నప్పుడు, పక్కింటి కులం పిల్లవాడు తన తోటి పిల్ల ఇంటిని మొదటిసారి గౌరవంగా చూస్తాడు. విడివిడిగా పుస్తకాలు తీసుకెళ్తే ఈ పని జరగదు.

మనం చేయగలిగింది

మొదటి అడుగు బడి యాజమాన్య కమిటీ. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీ సభ్యుల్లో మూడొంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల నిష్పత్తిలో చోటుండాలి. ఆ సమావేశంలో మన వాడ అమ్మలు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: 'మా పిల్లల తరగతికి లైబ్రరీ పీరియడ్ ఏ రోజు, ఎన్ని గంటలకు?' జవాబు టైంటేబుల్‌లో రాసి గోడకు అంటించేదాకా అడగాలి.

రెండోది, సమాచార హక్కు చట్టం. దరఖాస్తులో స్టాక్ రిజిస్టర్ అడిగి ఊరుకోవద్దు. గత ఏడాది లైబ్రరీ గ్రాంటు ఎంత వచ్చింది, ఏ పుస్తకాలు కొన్నారు, నెలవారీగా ఎన్ని పుస్తకాలు పిల్లలకు ఇచ్చారు, ఏ తరగతికి ఎన్ని లైబ్రరీ పీరియడ్లు ఉన్నాయి అని అడగాలి. పిల్లల పేర్లు అడగవద్దు, సంఖ్యలు చాలు. 30 రోజుల్లో జవాబు రావాలి. వచ్చిన కాగితాన్ని టీచరు మీద ఆయుధంగా వాడకుండా, ఎంఈవో దగ్గర, జిల్లా అధికారుల దగ్గర గ్రాంటు కోసం, పీరియడ్ ఉత్తర్వు కోసం వాడాలి.

మూడోది విశ్వవిద్యాలయాల్లో, కాలేజీల్లో ఉన్న విద్యార్థులకు. సెలవులకు ఊరెళ్లినప్పుడు మీరు చదివిన బడికి వెళ్లండి. హెచ్‌ఎం అనుమతితో, ఒక టీచరుతో కలిసి, ఒక తరగతికి ఒక పీరియడ్ నడిపి చూపించండి. తరగతి ముందుండాల్సింది టీచరే, మీరు పక్కన ఉండండి. మీరు వెళ్లిపోయాక నడపాల్సింది వాళ్లే. రెండు మూడు వారాల్లో పిల్లలే 'మేడమ్, ఈ రోజు శుక్రవారం, మనది లైబ్రరీ' అని గుర్తుచేయడం మొదలుపెడతారు. ఆ తర్వాత ఆ పీరియడ్‌ను గణితం సారుకు ఇవ్వడం అంత తేలిక కాదు.

ఏప్రిల్ 14న, డిసెంబర్ 6న బడుల్లో అంబేద్కర్ పటానికి దండ వేస్తారు. ముంబైలో ఆయన కట్టుకున్న రాజగృహ ఇంట్లో పుస్తకాలకే పెద్ద చోటు ఇచ్చారని ఉపన్యాసాల్లో చెబుతారు. పటం ఉన్న గదిలోనే బీరువా తాళం వేసి ఉంటుంది. ఈసారి దండ వేశాక, తరగతి మొత్తాన్ని ఆ బీరువా ముందుకు పిలవమని టీచర్లను అడుగుదాం. మర్నాడు వారం టైంటేబుల్‌లో ఆ గంట ఉందో లేదో చూద్దాం. చేతిలో గుడ్డతో బీరువా ముందు నిలబడ్డ పిల్లకు అప్పుడు అడగాల్సిన అవసరమే ఉండదు. తన తరగతితో కలిసి వెళ్లి, తనకు నచ్చిన పుస్తకం తీసుకుని ఇంటికి వస్తుంది.